నెల రోజుల ముప్పు: ఊపిరితిత్తుల్లో క్లాటు ఉన్న రోగిని అంచనా వేయడం



ఎవరి పేరిట ఈ ఉపన్యాసం జరుగుతోందో ఆ మాస్టారు వార్డు రౌండులో జబ్బు పేరు చెప్పిన విద్యార్థిని అంతటితో వదిలేవారు కారు. "సరే, పేరు చెప్పావు. రేప్పొద్దున నేను వచ్చేసరికి ఈయన ఎలా ఉంటాడు?" అని అడిగేవారు. మొదటి ప్రశ్నకు పుస్తకంలో జవాబు ఉండేది. రెండోదానికి నీళ్లు నమిలేవాళ్లం. ఇవాళ ఆ రెండో ప్రశ్న గురించే, ఒక్క జబ్బును పట్టుకుని మాట్లాడతాను. అది పల్మనరీ ఎంబాలిజం, ఊపిరితిత్తుల రక్తనాళాల్లో క్లాటు అడ్డుపడటం.

సభలో డాక్టర్లు కానివాళ్లూ ఉన్నారు కాబట్టి రెండు మాటలు. కాళ్లలో లోతుగా ఉండే సిరల్లో రక్తం గడ్డకడుతుంది. పెద్ద ఆపరేషన్ అయినవాళ్లకు, కాలు విరిగి మంచాన పడ్డవాళ్లకు, క్యాన్సర్ ఉన్నవాళ్లకు, గర్భిణులకు, బాలింతలకు ఈ అవకాశం ఎక్కువ. మన ఇళ్లలో బాలింతను మంచం దిగనివ్వరు, దాహమంటే నీళ్లు కొలిచి పోస్తారు. కాన్పు తర్వాత మొదటి ఆరు వారాలే క్లాటుకు అన్నిటికంటే అనువైన కాలం కాబట్టి, ఆ పట్టింపును ఇకనైనా వదిలేస్తే మంచిది. సరే, ఆ గడ్డలో ఒక ముక్క ఊడి, రక్తంతో పాటు పైకి వచ్చి, గుండె కుడి భాగం దాటి, ఊపిరితిత్తుల ధమనిలో ఇరుక్కుంటుంది. ఉన్నట్టుండి ఆయాసం, ఊపిరి తీస్తే పొడిచినట్టు నొప్పి, ఒక్కోసారి కళ్లు తిరిగి పడిపోవడం దీని లక్షణాలు.

క్లాటు ఊపిరితిత్తిలో ఉన్నా, ప్రాణం పోయేది ఎక్కువగా గుండె వల్ల. గుండె కుడి జఠరిక గోడ అర సెంటీమీటరు మందం కూడా ఉండదు. తక్కువ ఒత్తిడి మీద రక్తాన్ని పక్కనే ఉన్న ఊపిరితిత్తులకు నెట్టడమే దాని పని. దారి సగం మూసుకుపోతే దానికి బలం చాలదు. అలవాటు లేని కుడి జఠరిక సగటున 40 మిల్లీమీటర్లకు మించిన ఒత్తిడిని ఉన్నపళంగా పుట్టించలేదు. అందుకని అది ఉబ్బుతుంది. ఉబ్బి మధ్య గోడను ఎడమ వైపుకు నెడుతుంది. ఎడమ జఠరికలోకి వచ్చే రక్తం తగ్గుతుంది, బీపీ పడుతుంది. బీపీ పడితే గుండె కండరానికే రక్తం చాలదు, కుడి జఠరిక ఇంకా నీరసిస్తుంది. ఒకసారి ఈ సుడిలో పడిన మనిషికి మిగిలే వ్యవధి నిమిషాలో, గంటలో. దానికి ముందు మాత్రం కొన్ని గంటలు, కొన్నిసార్లు రెండు రోజులు, గుండె పైకి తెలియనివ్వకుండా పెనుగులాడుతూ ఉంటుంది. మనం అంచనా అంటున్నదంతా ఆ వ్యవధి గురించే.

ముప్పును అంచనా వేసే ఈ పని ఇప్పటి స్కోర్లతో మొదలవలేదు. 1931 ప్రాంతంలో బోస్టన్‌లోని మసాచుసెట్స్ జనరల్ హాస్పిటల్‌లో పిత్తాశయం ఆపరేషన్ అయిన ఒకామెకు ఊపిరితిత్తుల్లో పెద్ద క్లాటు పడింది. అప్పటికి ఉన్న ఒకే ఒక చికిత్స ట్రెండెలెన్‌బర్గ్ ఆపరేషన్. ఛాతీ తెరిచి, ధమనిని కోసి, క్లాటును చేత్తో లాగెయ్యడం. ట్రెండెలెన్‌బర్గ్ 1908లో లైప్‌జిగ్‌లో దాన్ని ప్రయత్నించాడు, ఆయన రోగులెవరూ బతికి బయటపడలేదు. ఆ ఆపరేషన్‌తో ఒక మనిషి బతకడానికి 1924లో కిర్ష్‌నర్ దాకా ఆగాల్సి వచ్చింది. అలాంటి ఆపరేషన్‌కు తొందరపడి పూనుకుంటే, చేయకపోతే బతికే మనిషిని చంపినట్టవుతుంది. ఆలస్యం చేస్తే మనిషి దక్కదు. అందుకని సర్జన్ ఎడ్వర్డ్ చర్చిల్, జాన్ గిబ్బన్ అనే కుర్ర డాక్టరును ఆమె మంచం పక్కన కూర్చోబెట్టాడు. రాత్రంతా పావుగంటకోసారి నాడి, శ్వాస, బీపీ రాసుకోవడం అతని పని. తెల్లవారాక ఆమె పరిస్థితి ఒక్కసారిగా దిగజారింది. చర్చిల్ ఏడు నిమిషాల లోపే క్లాటు తీశాడు. ఆమె బతకలేదు.

ఆ రాత్రి నల్లబడుతున్న ఆమె రక్తాన్ని చూస్తూ, దీన్ని కాసేపు బయట ఒక యంత్రంలో తిప్పి, ఆక్సిజన్ కలిపి లోపలికి పంపితే ఎలా ఉంటుందని గిబ్బన్ ఆలోచించాడు. ఆ ఆలోచనే హార్ట్-లంగ్ మెషిన్ అయింది. 1953 మే 6న దాని సాయంతో తొలిసారి విజయవంతంగా గుండె ఆపరేషన్ జరిగింది. ఈ కథ చెప్పేవాళ్లంతా యంత్రం దగ్గరికి పరుగెడతారు. నాకు ఆ పావుగంట చార్టు మీదే మనసు. ఇప్పుడు మనం వాడే స్కోర్లలో కొన్ని అంశాలు ఆ కాగితం మీద అప్పటికే ఉన్నాయి.

ఆ తర్వాత చికిత్స మారింది. 1960లో బ్రిస్టల్‌లో బారిట్, జోర్డన్ అనే ఇద్దరు డాక్టర్లు 35 మంది రోగుల మీద చేసిన అధ్యయనాన్ని లాన్సెట్‌లో ప్రచురించారు. రక్తం పల్చబరిచే మందు ఇవ్వని 19 మందిలో ఐదుగురు క్లాటు వల్లే పోయారు. మందు ఇచ్చిన 16 మందిలో క్లాటు వల్ల ఒక్కరూ పోలేదు. ఇవాళ ఏ ఎథిక్స్ కమిటీ అలాంటి అధ్యయనాన్ని ఒప్పుకోదు. కానీ ఈ జబ్బులో మిగతా లెక్కలన్నీ దాని మీద నిలబడ్డవే. మొదటి గండం ఇప్పటికే ఇరుక్కున్న క్లాటుది, రెండో గండం దాని వెనకాలే రాబోయే ఇంకో క్లాటుది. రక్తం పల్చబరిచే హెపారిన్ ఆ రెండోదాన్ని ఆపుతుంది. మొదటిదాన్ని తట్టుకోవడం మాత్రం రోగి గుండె వంతే.

ఎవరు తట్టుకుంటారు? బీపీ పడిపోయినవాళ్ల విషయంలో చర్చ లేదు. సిస్టాలిక్ 90 కంటే దిగిపోయి పావుగంట దాటినా, మామూలుగా ఉండే బీపీ నుంచి 40 పాయింట్లు పడినా, గుండె ఆగి తిరిగి కొట్టుకున్నా అది హై రిస్క్. ఏడు దేశాల్లో 52 ఆసుపత్రుల రోగులను పరిశీలించి 1999లో ప్రచురించిన ఐకోపర్ రిజిస్ట్రీలో, అలా రక్తప్రసరణ కుప్పకూలి వచ్చినవాళ్లలో సగం మందికి పైగా మూడు నెలల్లో చనిపోయారు. వాళ్లకు క్లాటు కరిగించే మందు ఇవ్వాలి, లేదా క్లాటును తీసెయ్యాలి. స్కోరు వేస్తూ కూర్చోకూడదు.

బీపీ బాగున్న మిగతావాళ్ల దగ్గరే చిక్కు. రోగుల్లో ఎక్కువమంది వీళ్లే. వీళ్లను విడదీయడానికి 2005లో ఔజెస్కీ, ఆయన సహచరులు పెసి అనే స్కోరు తయారుచేశారు. అమెరికాలోని పెన్సిల్వేనియాలో 186 ఆసుపత్రులకు చెందిన 15,531 మంది వివరాలు అందుకు ఆధారం. మొత్తం 11 అంశాలు. వయసు ఎన్నేళ్లో అన్ని పాయింట్లు. మగవాడైతే 10, క్యాన్సర్ ఉంటే 30, గుండె వైఫల్యానికి 10, దీర్ఘకాలిక ఊపిరితిత్తుల జబ్బుకు 10, నాడి 110 లేదా అంతకు మించితే 20, సిస్టాలిక్ బీపీ 100 కంటే తక్కువైతే 30, శ్వాస నిమిషానికి 30 లేదా ఎక్కువైతే 20, ఒంటి వేడి 36 డిగ్రీల కంటే తగ్గితే 20, ఆక్సిజన్ 90 శాతం లోపుంటే 20, తెలివి సరిగా లేకపోతే 60. కూడితే వచ్చిన సంఖ్యను బట్టి ఐదు తరగతులు. 65 లోపు మొదటి తరగతి. ఆ తరగతిలో నెల లోపు చనిపోయినవాళ్లు 1.6 శాతానికి మించలేదు. 125 దాటితే ఐదో తరగతి, అక్కడ 10 నుంచి 24.5 శాతం. 2010లో స్పెయిన్‌కు చెందిన హిమెనెస్ బృందం దీన్ని ఆరు అంశాలకు కుదించింది. 80 దాటిన వయసు, క్యాన్సర్, పాత గుండె జబ్బో ఊపిరితిత్తుల జబ్బో, నాడి, బీపీ, ఆక్సిజన్. ఒక్కటీ లేకపోతే నెలలో మరణం 1 శాతం, ఒక్కటున్నా 10.9 శాతం.

ఇక్కడ పీజీ పిల్లలు కాస్త ఆగాలి. ఫోన్‌లో యాప్ తీసి, గళ్లు నింపి, "సార్, పెసి క్లాస్ వన్" అని చెప్పే లోపు ఇద్దరు రోగులను ఊహించుకోండి.

మొదటావిడకు 28 ఏళ్లు, కాన్పై పది రోజులు. బాత్రూమ్ దగ్గర కళ్లు తిరిగి పడిపోయింది. నాడి 118, బీపీ 104, శ్వాస 26, ఆక్సిజన్ 93. సీటీలో రెండు వైపులా పెద్ద ధమనుల్లోనే క్లాటు. ఎకోలో కుడి జఠరిక ఎడమదాని కంటే పెద్దదిగా ఉబ్బి ఉంది. గుండె కండరం దెబ్బతిందని చెప్పే ట్రోపోనిన్ రక్తంలో పెరిగింది. పెసి లెక్క: వయసుకు 28, నాడికి 20, మొత్తం 48. మొదటి తరగతి, అన్నిటికంటే తక్కువ ముప్పు. రెండో ఆయనకు 81 ఏళ్లు, పేగు క్యాన్సర్. క్యాన్సర్ కోసం తీసిన సీటీలో ఊపిరితిత్తి అంచున చిన్న క్లాటు కనబడింది. ఆయాసం లేదు, నాడి, బీపీ బాగున్నాయి, బయట బెంచీ మీద కూర్చుని ఇడ్లీ తింటున్నాడు. లెక్క: 81, మగవాడు కాబట్టి 10, క్యాన్సర్‌కు 30, మొత్తం 121. నాలుగో తరగతి.

స్కోరు అబద్ధం చెప్పిందా? లేదు. నెల లోపు ఏ కారణంతోనైనా సరే ఎవరు చనిపోతారని అడిగితే, ఆ పెద్దాయనకే అవకాశం ఎక్కువ, ఆ మాట నిజమే. ఆయన ప్రాణానికి గండం క్యాన్సర్, వయసు. ఆ అమ్మాయికి గండం క్లాటు, అదీ ఈ రాత్రికే. పెసి అన్ని కారణాల మరణాన్ని లెక్కగట్టేది. క్లాటు వల్ల వచ్చే ముప్పును, చికిత్స చేస్తే తగ్గే ముప్పును అది విడిగా చూపించదు. ఈ ఒక్క సంగతి తలకెక్కితే నా ఉపన్యాసంలో మిగతాదంతా మర్చిపోయినా నేనేమీ అనుకోను. స్కోరు ఎక్కువ వచ్చింది కదా అని ఆ పెద్దాయనకు క్లాటు కరిగించే మందు ఎక్కించడం, తక్కువ వచ్చింది కదా అని ఆ అమ్మాయిని జనరల్ వార్డుకు పంపడం, రెండూ ఒకే పొరపాటు. యూరోపియన్ కార్డియాలజీ సొసైటీ 2019 మార్గదర్శకాలు అందుకే, పెసి తక్కువగా ఉన్నా కుడి జఠరిక ఎలా ఉందో చూసుకోమన్నాయి. కుదించిన స్కోరులో ఆ అమ్మాయికి నాడి వల్ల ఒక పాయింటు వస్తుంది, కొంత నయం. కానీ పెద్దాయనకు రెండు వస్తాయి.

ఇంకో మాట. ఈ శాతాలన్నీ గుంపుకు సంబంధించినవి. జిల్లాలో టెన్త్ పాస్ శాతం 95 అని పేపర్లో చదివితే మన పిల్లవాడు పాసయ్యాడో లేదో తెలియదు కదా. బంధువులు ఐసీయూ బయట పట్టుకుని "డాక్టరుగారూ, ఎంత శాతం?" అని అడుగుతారు. ఒక అంకె చెబితే వాళ్లు దాన్ని ఆ మనిషికి అంటగడతారు. నేను అంకె చెప్పడం మానేశాను. ఏ గుర్తులు కనిపిస్తే భయపడాలో, అవి ఎప్పటిదాకా కనిపించవచ్చో చెబుతాను.

మధ్యరకం రోగుల సంగతికి వస్తాను, అసలు బరువంతా ఇక్కడే ఉంది. బీపీ నిలబడింది, కానీ ఎకోలో గానీ సీటీలో గానీ కుడి జఠరిక ఉబ్బింది, ట్రోపోనిన్ పెరిగింది. రెండూ ఉంటే యూరోపియన్ మార్గదర్శకాలు ఇంటర్మీడియట్-హై అంటాయి. 2014లో వచ్చిన బోవా స్కోరు ఇలాంటివాళ్ల కోసమే. బీపీ 90–100 మధ్య ఉంటే 2, ట్రోపోనిన్‌కు 2, కుడి జఠరిక దెబ్బతింటే 2, నాడి 110 లేదా ఆపైన ఉంటే 1. నాలుగు దాటినవాళ్లలో నెల లోపు క్లాటుకు సంబంధించిన చిక్కులు 29 శాతం మందికి వచ్చాయి. రెండు లోపు ఉన్నవాళ్లలో 4 శాతం మందికే. ఇందులో వయసు లేదు, క్యాన్సర్ లేదు. అడిగిన ప్రశ్న వేరు కాబట్టి లెక్కా వేరు. మన బాలింతకు ఇందులో ఐదు పాయింట్లు.

అయితే ఐదు వచ్చాయి కదా, కరిగించే మందు ఇచ్చెయ్యవచ్చా? దీనికి జవాబు కోసమే పైథో ట్రయల్ జరిగింది. గై మేయర్ బృందం 2014లో ఫలితాలు ప్రచురించింది. కుడి జఠరిక దెబ్బతిని, ట్రోపోనిన్ పెరిగి, బీపీ నిలబడి ఉన్న వెయ్యి మందికి పైగా రోగులు. సగం మందికి హెపారిన్‌తో పాటు టెనెక్టెప్లేజ్ అనే కరిగించే మందు, సగం మందికి హెపారిన్ మాత్రమే. వారం లోపు మరణం గానీ బీపీ కుప్పకూలడం గానీ టెనెక్టెప్లేజ్ వాళ్లలో 2.6 శాతం, హెపారిన్ వాళ్లలో 5.6 శాతం. మందు పనిచేసింది. కానీ మెదడులో రక్తస్రావం వల్ల పక్షవాతం టెనెక్టెప్లేజ్ వాళ్లలో 2 శాతం, హెపారిన్ వాళ్లలో 0.2 శాతం. మరణాల్లో చెప్పుకోదగ్గ తేడా లేదు.

ఈ అంకెలను తిప్పి చదవండి. మనం బాగా భయపడే మధ్యరకం రోగుల్లో కూడా, హెపారిన్ మాత్రమే ఇచ్చినా, వందలో 94 మంది ఆ వారం నిభాయించుకున్నారు. అందరికీ కరిగించే మందు ఇస్తే ఆ ఆరుగురిలో ముగ్గురిని కాపాడి, ఇద్దరి మెదడులో రక్తం కక్కించినట్టు. మన పరీక్షలేవీ ఆ ఆరుగురిని ముందుగా వేలెత్తి చూపలేవు. కానీ అదే ట్రయల్‌లో ఇంకో వివరం ఉంది. హెపారిన్ మాత్రమే తీసుకుని కుప్పకూలినవాళ్లలో అది జరగడానికి సగటున పట్టిన సమయం రెండు రోజుల లోపే. నా దృష్టిలో మొత్తం ట్రయల్‌లో విలువైన అంకె ఇదే. మధ్యరకం రోగిని మొదటి రెండు మూడు రోజులు కళ్లలో వత్తులు వేసుకుని చూడాలి. నాడి పెరుగుతోందా, బీపీ కొంచెం కొంచెంగా దిగుతోందా, చేతులు చల్లబడుతున్నాయా, మూత్రం తగ్గిందా, లాక్టేట్ పెరిగిందా. కరిగించే మందు చేతికందే దూరంలో ఉంచుకుని, దిగజారుతున్నట్టు తెలిసిన క్షణంలో ఇవ్వాలి. అడ్మిషన్ అప్పుడు వేసిన స్కోరు ఆ ఒక్క క్షణపు ఫొటో. నాలుగు గంటల తర్వాత పరిస్థితి ఏమిటో నాలుగు గంటల తర్వాతే తెలుస్తుంది.

తక్కువ ముప్పు రోగుల గురించి ఎక్కువ చెప్పను. అక్కడ స్కోర్లు నిజంగా బాగా పనిచేస్తాయి. పెసి మొదటి రెండు తరగతుల్లో ఉన్న 344 మందిలో సగం మందిని ఒక రోజు లోపు ఇంటికి పంపి చూసిన ట్రయల్ 2011లో వచ్చింది. ఇంటికి వెళ్లినవాళ్లు ఆసుపత్రిలో ఉన్నవాళ్ల కంటే నష్టపోలేదు. నెదర్లాండ్స్‌లో తయారైన హెస్టియా పద్ధతి నాకు ఇంకా నచ్చుతుంది. అందులో అసలు పాయింట్లే లేవు, పదకొండు ప్రశ్నలు మాత్రమే. రోగి గర్భిణా, కిడ్నీలు బాగున్నాయా, ఆక్సిజన్ కావాలా అనే ప్రశ్నలతో పాటు, ఇంటి దగ్గర చూసుకునేవాళ్లు లేకపోవడం లాంటి కారణం ఏమైనా ఉందా అన్నది కూడా ఒక ప్రశ్నే. మన జిల్లాల్లో దానికి అనుబంధంగా ఊరు ఎంత దూరం, రాత్రిపూట బండి దొరుకుతుందా, మాత్రలు నెల రోజులు కొనగలరా అని కూడా అడగాలి. రక్తం పల్చబరిచే మాత్ర డబ్బు లేక మధ్యలో ఆపేస్తే, ఏ స్కోరూ ఊహించని ముప్పు వచ్చిపడుతుంది.

ఇక చిన్న ఆసుపత్రుల్లో పనిచేసే డాక్టర్లకు నాలుగు మాటలు చెప్పి ముగిస్తాను. క్లాటు అనే అనుమానం బలంగా ఉంటే, రక్తస్రావం భయం లేకపోతే, సీటీ రిపోర్టు కోసం ఆగకుండా మొదటి హెపారిన్ ఇవ్వండి. బీపీ పడగానే సెలైన్ బాటిళ్లు వరసగా ఎక్కించే అలవాటు మనకు ఉంది. ఈ జబ్బులో అది పనికిరాదు, ఉబ్బిన కుడి జఠరిక ఇంకా ఉబ్బుతుంది. అరలీటరు దాటొద్దు, నార్ అడ్రినలిన్ సిద్ధం చేసుకోండి. రాత్రి ఎకో తీసేవాళ్లు దొరకకపోతే, తీసిన సీటీలోనే రెండు జఠరికల వెడల్పు కొలిచి చెప్పమని రేడియాలజిస్టును అడగండి. కుడిది ఎడమదానితో సమానంగా గానీ ఎక్కువగా గానీ ఉంటే అది మీకు కావాల్సిన సమాచారమే. పంపించాల్సిన రోగిని బీపీ నిలబడి ఉండగానే పెద్దాసుపత్రికి పంపండి, 108లో దారి మధ్యలో సుడి మొదలైతే చేయగలిగింది తక్కువ. పంపేటప్పుడు రెఫరల్ కాగితం మీద స్కోరు రాయకపోయినా పరవాలేదు. మొదట చూసినప్పుడు నాడి, బీపీ, శ్వాస, ఆక్సిజన్ ఎంతో, పంపేటప్పుడు ఎంతో, రెండింటి పక్కనా టైము రాయండి. హెపారిన్ ఎంత డోసు, ఎన్ని గంటలకు ఇచ్చారో రాయండి. ఈ మధ్య ఆపరేషన్, తలకు దెబ్బ, పక్షవాతం ఏమైనా అయ్యాయా అని ఇంటివాళ్లను అడిగి రాయండి. అర్ధరాత్రి అవతల కరిగించే మందు ఇవ్వాలా వద్దా అని తేల్చుకోవాల్సిన డాక్టరు ముందుగా వెతికేది ఆ మూడు వరసల కోసమే.